పిడత క్రింద పప్పు

చరిత్ర యనగానే మనకు శాసనములు, తామ్రపత్రములు, కోటగోడలు స్ఫురించును. రాజు ఏమి భుజించెనో తెలిసికొనవలెనన్నచో గ్రంథములు కలవు. పండ్రెండవ శతాబ్దిలో పశ్చిమ చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు ‘మానసోల్లాసము’న రాజభోజనమును వంటకములతో సహా విస్తరించి వ్రాసెను. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు తన యింటి కరుగుదెంచిన అతిథులకు ఏ ఋతువున ఏమి వడ్డించెనో వర్ణించెను. ఆ కావ్యమునకు బీజము పడినది మన కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున, ఆంధ్రమహావిష్ణువు సన్నిధిని. కాని బడి విడిచిన పిల్లవాడు పిడికిట కాణీ బిగించుకొని పరుగెత్తి కొనుక్కొన్న చిరుతిండి యెట్టిదో ఏ కావ్యమును చెప్పదు, ఏ శాసనమును చెక్కలేదు. అది తెలియవలెనన్నచో ఆ తిండి పేరును, దానిని పెట్టిన పాత్రను, దానికి చెల్లించిన నాణెమును పట్టి చూడవలసినదే.

విజయవాడలోను, బందరులోను, వాని నడుమనున్న డెల్టా గ్రామముల తిరునాళ్ళలోను పిల్లలు నేటికిని ఎగబడి కొనెడి తినుబండారమొకటి కలదు. మరమరాలు, కారపుపూస, వేయించిన వేరుసెనగ గుండ్లు, పుట్నాల పప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయలు, కారము, ఉప్పు, కొంచెము కొత్తిమీర, పైన నిమ్మరసము – ఇవి యన్నియు ఒక డబ్బాలో వేసి గరిటెతో గలగల కలిపి కాగితపు పొట్లములో పోసి యిత్తురు. మామిడికాయలు వచ్చెడి దినములలో దాని తురుమును చేరును. దీనిని ‘పిడత క్రింద పప్పు’ అందురు. పేరు విని బండి ముందు నిలిచి చూచినవానికి ఆశ్చర్యము కలుగును: పిడత యెక్కడను కనబడదు; పప్పును వెదకి పట్టుకొనవలెను. ఉన్నదంతయు మరమరాలే. ఇట్లు వస్తువు మారిపోయినను విడువక నిలిచిన పేర్లే చరిత్రకారునికి గట్టి సాక్షులు.

పిడత యనగా ముంతకంటె చిన్నదైన మట్టికుండ. బొమ్మరింట ఆడపిల్లలు గుజ్జనగూళ్ళు వండినది పిడతలోనే. లక్కపిడతలను ఎరుగని తెలుగువారు లేరు. పెద్దలు చెప్పెడి మాటను బట్టి, పూర్వము ఈ సరకు నమ్మువాడు వెడల్పాటి తట్టలో వేయించిన పప్పును రాశిగా పోసి, ఒక పిడతలో కణకణలాడు బొగ్గులు నింపి దానిని ఆ రాశి మీద కూర్చుండబెట్టెడివాడు. బేరము వచ్చినప్పుడు పిడతను ఒకింత ప్రక్కకు జరిపి, దాని క్రిందనున్న వేడి పప్పును తీసి యిచ్చెడివాడు. పిడత క్రిందనున్న పప్పు కావలెనని అడుగుటయే వాడుకయై, ఆ మాటయే వస్తువునకు పేరైనది. దానికి వంటవాడు పెట్టిన పేరు కాదది. కొనువాడు పెట్టిన పేరు.

ఈ యేర్పాటు కేవలము వేడిమి కొరకే కాదు. మనది డెల్టా. చుట్టును కాలువలు, చేలలో నిలిచిన నీరు, బందరు వైపు సముద్రపు గాలి. ఇచ్చట వేయించిన వస్తువేదియు ఒక్క జాము కరకరలాడుచు నిలువదు. గాలిలోని తేమను పీల్చుకొని మెత్తబడిపోవును. మెత్తబడిన పప్పును ఏ పిల్లవాడును కొనడు. పిడతలోని నిప్పుల సెగ ఆ తేమను ఎప్పటికప్పుడు తోలివేయుచుండును. చదువురాని చిరువ్యాపారి, పెట్టుబడి లేని వర్తకుడు, ఒక మట్టిపాత్రతోను పిడికెడు బొగ్గులతోను తన సరకును సాయంకాలము వరకు కాపాడుకొనెను. ఉత్తరాదిని ‘చనాజోర్ గరం’ అమ్మువారును నలుగగొట్టిన సెనగల రాశి నడుమ చిన్న నిప్పుల కుండ నుంతురు; ఆ పేరులోని ‘గరం’ అను మాట వేడిమిని చెప్పునదే. ఎవరిని చూచి ఎవరు నేర్చిరను చర్చ యిచ్చట అనవసరము. ఒకే చిక్కు ఎదురైనప్పుడు రెండు చోట్ల ఒకే ఉపాయము తోచుటలో వింత లేదు.

ఇచ్చట నాకు తోచిన మాటయొకటి చెప్పెదను. మొదట ఈ తిండిలో మరమరాలు ప్రధానమై యుండవు. మరమరాలు దూదివంటివి. వాని మీద నిప్పుల పిడతను పెట్టినచో అది లోనికి దిగబడిపోవును. అడుగునున్నవి మాడును, చుట్టునున్నవి నలుగును. నిప్పుల పిడతను మోయగలిగినది గట్టి గింజయే. కావున తొలినాళ్ళలో అది నిజముగా పప్పే అయి యుండవలెను. సెనగపప్పో, సెనగలో, వాని వంటి మరియొక గింజయో. మరమరాలు తరువాత వచ్చి చేరినవి. పప్పు వెల పెరిగినకొలది పొట్లమును నింపుటకు అవి అక్కరకు వచ్చియుండును. పప్పు తగ్గి మరమరాలు హెచ్చినకొలది పిడతకు చోటు లేకపోయెను. వేడి పప్పు చల్లని కలగలుపుగా మారెను. విశాఖపట్టణము వైపు దీనికి బంధువైన దానిని ‘ముంత మసాలా’ అందురు. అచ్చట పాత్ర పేరు మిగిలినది గాని పప్పు పేరు మిగులలేదు. కలకత్తాలో ఝాల్‌మురి, మైసూరు సీమలో చురుమురి, బొంబాయిలో భేల్‌పురి – ఇవియు నీ కుటుంబములోనివే. వీని పేర్లలో నిప్పును గాని కుండను గాని తలపించునది లేదు.

మరమరాల సంగతి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ధాన్యమును పొట్టుతోనే వేయించి పేల్చినచో పేలాలగును. వీనినే సంస్కృతమున లాజలందురు. పెండ్లిలో వధువు అగ్నియందు లాజలు వేల్చు ఆచారము మిక్కిలి ప్రాచీనము. మరమరాలు వేరు. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి, దంచి బియ్యము చేయవలెను. ఆ ఉప్పుడు బియ్యమునకు ఉప్పునీరు పట్టించి, పెనము మీద మెల్లగా సెగ చూపి ఆరనిచ్చి, పిమ్మట బాగుగా కాలిన ఇసుకలో పోసి గబగబ త్రిప్పవలెను. గింజ లోపల మిగిలిన కొద్దిపాటి తేమ ఒక్కసారిగా ఆవిరియై, బయటకు త్రోవ లేక, మెత్తబడిన గింజను ఉబ్బించును. ఇసుక గింజను అన్ని వైపుల నుండి సమానముగా కాల్చును గనుక ఒక ప్రక్క మాడి ఒక ప్రక్క పచ్చిగా నుండుట జరుగదు. కొన్ని క్షణముల పని. ఒక క్షణము ముందు తీసినచో గింజ పొంగదు, ఒక క్షణము ఆలస్యమైనచో నల్లబడును. అమెరికాలో అలెగ్జాండర్ ఆండర్సన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1901 ప్రాంతమున బియ్యమును పొంగించు విధానమును కనుగొనెను. 1904లో సెయింట్ లూయీ నగరపు ప్రపంచ ప్రదర్శనమున ఫిరంగులలో బియ్యము కూరి, ప్రేల్చి, పొంగిన బియ్యమును జనులపై కురిపించి, దానినొక మహాద్భుతముగా ప్రకటించిరి. మన యిండ్లలో, బట్టీల కడ, స్త్రీలు తరతరములుగా మూకుడుతోను ఇసుకతోను ఏ చప్పుడును లేకుండ చేయుచు వచ్చిన పనియే అది! దానికి పేటెంటు లేదు, ఫిరంగియు లేదు.

అయితే మరమరాలు పిల్లల తిండి కావలెనన్నచో ముందు బియ్యము అగ్గువ కావలెను. కృష్ణా డెల్టాలో బియ్యము ఎల్లప్పుడును అగ్గువ కాదు. నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, వానలు లేక వచ్చిన కరువును గుంటూరు సీమవారు డొక్కల కరువని చెప్పుకొనిరి. నాటి లెక్కల ప్రకారము అయిదు లక్షల జనాభాలో దాదాపు రెండు లక్షలమంది గుంటూరు మండలమున నశించిరి. కృష్ణ నిండుగా పారి సముద్రమున కలియుచుండ, దాని గట్టుననే జనులు మడిసిరి. ఆ మహాక్షోభ కారణముగనే బెజవాడ వద్ద ఆనకట్ట కట్టవలెనను వాదము బలపడెను. ఆర్థర్ కాటన్ దొర సూచనపై కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున 1852లో పని మొదలై 1855లో ముగిసెను. ఇంద్రకీలాద్రికిని ఆవలి గట్టునగల సీతానగరము కొండకును నడుమ నది నిలిచెను, కాలువలు పారెను, మెట్టచేలు మాగాణులయ్యెను. తిండి గింజ లేక తల్లులు బిడ్డలను పోగొట్టుకొన్న సీమలోనే మూడు నాలుగు తరములు గడచునప్పటికి బియ్యపు గింజను పేల్చి పిల్లలకు వేడుక తిండిగా అమ్మగల స్థితి వచ్చెను. పొట్లములో చేరిన మరమరాల వెనుక ఇంత కథ యున్నది.

తక్కిన దినుసులలో కొన్ని మనవి కావు. మిరపయు, వేరుసెనగయు అమెరికా ఖండమునుండి వచ్చినవి. 1498లో వాస్కో డ గామా కళ్ళికోట చేరిన తరువాత పోర్చుగీసువారి ఓడలతో మిరప భారతభూమిని ప్రవేశించెను. నేడు గుంటూరు కారము లోకప్రసిద్ధమైనను, కాకతీయుల నాటి తెలుగువాడు మిరపకాయను ఎరుగడు; వానికి కారమనగా మిరియమే. వేరుసెనగ సాగు మద్రాసు రాజధానిలో విరివిగా వ్యాపించినది పంతొమ్మిదవ శతాబ్దిలో. ఈ మధ్య కొందరు కలిపెడి టొమాటోయును అమెరికా నుండి వచ్చినదే; మన వెనుకటి తరమువారు దానిని రామములగ అని, అనుమానముతోనే తినిరి. బియ్యము, సెనగ, ఉల్లి, నిమ్మ – ఇవి మాత్రము ప్రాతకాపులు. టొమాటో కలుపుట నాకంతగా రుచింపదు. దాని నీరు తగిలిన రెండు నిమిషములకే మరమరాలు చచ్చుబడును. నిమ్మరసమునకు ఆ దోషము కొంత కలదు గాని, దాని పులుపు ఆ మాత్రపు అపచారమును మన్నింపజేయును.

ఇక వెల సంగతి. వెనుకటి లెక్కలో రూపాయికి పదునారు అణాలు, అణాకు నాలుగు కాణీలు, కాణీకి మూడు దమ్మిడీలు. అనగా రూపాయికి 64 కాణీలు, 192 దమ్మిడీలు. పెద్దవాండ్ర బేరములు అణాలలో, బేడలలో, పావలాలలో సాగెడివి. కాణీయు దమ్మిడీయు పిల్లల నాణెములు. దమ్మిడీ ఆదాయము లేదు, గడియ తీరిక లేదు అను సామెతలో ఆ నాణెము ఇప్పటికిని బ్రతికియున్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున లోహపు కొరత వచ్చినప్పుడు ప్రభుత్వము 1943 మొదలు 1947 వరకు నడుమ పెద్ద రంధ్రము గల కాణీని ముద్రించెను. అదియే చిల్లికాణీ. పెద్దలు దానిని చూచి నవ్విరి గాని, పిల్లలకు అంతకంటె అనుకూలమైన నాణెము లేదు. దారమునకు గ్రుచ్చి మొలత్రాటికి కట్టుకొనవచ్చును, పోగొట్టుకొను భయము లేదు.

1957 సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చెను. రూపాయికి నూరు నయాపైసలు. లెక్క ప్రకారము కాణీ విలువ ఒకటిన్నర నయాపైసకు కొంచెము మించును. ఒకటిన్నర పైస నాణెము లేదు గదా! సర్కారువారి పట్టికలో కాణీకి రెండు నయాపైసలు, అర్ధణాకు మూడు, అణాకు ఆరు అని నిర్ణయించిరి. పెద్ద మొత్తములలో ఈ హెచ్చుతగ్గులు సరిపోయెడివి. ఒక్కొక్క కాణీగా వ్యయించు పిల్లవాని చేతిలో మాత్రము సరిపోలేదు. వాడు ప్రతి బేరమునను కొంత నష్టపడెను. ఆ యేడాదియే, డిసెంబరులో, 1952లో గండిపడిన ప్రాత ఆనకట్టకు బదులుగా కట్టిన ప్రకాశము బ్యారేజి ప్రారంభమైనది. బ్యారేజి చరిత్రలో చేరినది. పిల్లల నష్టము చేరలేదు. 1964 జూను 1 నుండి ‘నయా’ అను విశేషణము తొలగినది. 2011 జూను చివర నాటికి పావలాతో సహా అంతకు లోబడిన నాణెములన్నియు చెల్లుబాటు కోలుపోయినవి. పిల్లవాని పిడికిట పట్టెడి అతి చిన్న నాణెమునకు తినుబండారము వచ్చు కాలము దానితోనే ముగిసినదని చెప్పవచ్చును.

ఇట్టి కథయే జపాను దేశమునను కలదు. అచ్చట పిల్లలు కొనెడి అగ్గువ తినుబండారములను ‘దగాషి’ అందురు. ఎదో యుగమున తెల్లని చక్కెర సంపన్నుల మిఠాయిలకే చెల్లెడిది. సామాన్యుల పిల్లలకు నల్లబెల్లముతోను చిరుధాన్యములతోను చేసినవే గతి. వానికి ‘ఇచిమోన్ గాషి’ అను పేరును ఉండెడిది; ఒక్క ‘మోన్’ నాణెమునకు వచ్చు మిఠాయి యని అర్థము. మన కాణీ తిండి వంటి మాట! 1930 ప్రాంతముల టోక్యో వీథులలో సైకిలు మీద బొమ్మల పెట్టె పెట్టుకొని వచ్చి, పిల్లలకు ముందు మిఠాయి అమ్మి, కొన్నవారిని ముందు వరుసలో నిలిపి, బొమ్మలు చూపుచు కథ చెప్పు కళాకారులుండిరి. 1953లో టెలివిజను ప్రసారములు మొదలైన తరువాత వారు క్రమముగా కనుమరుగైరి. యుద్ధానంతరపు కరువు దినములలో అచ్చటివారును బియ్యమును యంత్రమున పేల్చి, తీపి పట్టించి పిల్లలకు పెట్టిరి. 1979లో వచ్చిన ‘ఉమాయిబో’ అను మొక్కజొన్న గొట్టము పది యెన్నులకే నలువది యేండ్లకు పైగా అమ్ముడుపోయెను. 2022లో దాని వెల పండ్రెండు యెన్నులకు పెరిగినప్పుడు ఆ దేశమంతట అదియొక వార్త అయినది, 2024లో పదునైదైనది. మన పిడత క్రింద పప్పు వెల పెరిగిన దినమును ఏ పత్రికయు వ్రాయలేదు.

మన పప్పును పెంచి పోషించినవి తిరునాళ్ళు, ఆపైన సినిమా హాళ్ళు. బెజవాడలో 1921లో మారుతీ సినిమా హాలు వెలసెను, 1929లో దుర్గాకళామందిరము. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు బొమ్మ మాటలాడుట నేర్చినది. గాంధీనగరము చలనచిత్ర పంపిణీదారులకు కేంద్రమైనది. విశ్రాంతి గంట మ్రోగిన పదినిమిషములలో వందలమంది చేతులకు తిండి అందవలెను. కూర్చుండి తినుటకు చోటు లేదు, చేయి కడుగుకొనుటకు నీరు లేదు. అట్టి చోట కాగితపు పొట్లమునకు మించిన పాత్రయు, పప్పునకు మించిన పదార్థమును దొరకవు.

ఆ పొట్లమునకు మరియొక గుణము కలదు. మన సమాజమున ఎవరి చేతి వంట ఎవరు తినవచ్చుననునది చిరకాలము కఠినమైన కట్టుబాటు. నీటితో ఉడికిన అన్నమునకున్న పట్టింపు, నిప్పు మీద పొడిగా వేగిన గింజకు అంతగా లేదు. ఉత్తరాదిని భడ్‌భూంజాలు వేయించిన గింజలను అన్ని కులములవారును స్వీకరించుట ప్రసిద్ధమే. మన వీథిలోను అట్లే జరిగినది. కలిసి కూర్చుండి భోజనము చేయుటకు నోచని పిల్లలు ఒకే పొట్లములో వ్రేళ్ళు పెట్టి పప్పు పంచుకొనిరి. ఇంటికి పోయి చెప్పిరో లేదో వేరు మాట. అయితే ఇందును ఒక లోపమున్నది. వీథిలో నిలిచి తినుట మగపిల్లవానికి అల్లరి, ఆడపిల్లకు తప్పు. ఆమెకు తమ్ముడో అన్నయో తెచ్చి యిచ్చిన సగము పొట్లమే దక్కినది. వేడి పప్పు ఇంటికి చేరునప్పటికి చల్లారియే యుండును గదా.

నేడు ఈ తిండి మీద రెండు ఫిర్యాదులు వినబడుచున్నవి. ఒకటి శుచి. అచ్చుకాగితపు సిరా ఆహారమున కలియుట హానికరమని, వార్తాపత్రికలలో తినుబండారములు చుట్టరాదని కేంద్ర ఆహార భద్రతా సంస్థవారు 2016లోను, మరల 2023లోను హెచ్చరించిరి. ఇది న్యాయమైన మాట. తెల్లకాగితమున పోసి యిచ్చినంతమాత్రమున రుచి చెడదు. రెండవది త్రోవకు అడ్డమని. బందరు రోడ్డు వెడల్పగునప్పుడును, బీసెంటు రోడ్డున రద్దీ పెరిగినప్పుడును ముందుగా కదలవలసి వచ్చునది బండివాడే. బండివాని సరకు విలువ స్వల్పము. స్థలమే వాని మూలధనము. పిల్లలు బడి విడిచి వచ్చెడి మలుపున నిలిచిన బండిని రెండు ఫర్లాంగులు జరిపినచో ఆ వ్యాపారమే లేదు. ఈ సంగతిని గుర్తించియే 2014లో పార్లమెంటు వీథి వ్యాపారుల చట్టమును చేసినది. దాని ప్రకారము సర్వే జరిపి వ్యాపారులకు ధ్రువపత్రములు ఈయవలెను. అందాక వారిని తొలగింపరాదు. ఎవరు ఎచ్చట అమ్ముకొనవచ్చునో ఆలోచించు పట్టణ కమిటీలో నూటికి నలువది మందికి తక్కువ కాకుండ వీథి వ్యాపారుల ప్రతినిధులే యుండవలెను. ఆ ప్రతినిధులలో మూడవ వంతు స్త్రీలు కావలెను. తట్ట మీద నిప్పుల పిడత పెట్టుకొని కూర్చున్న నాటి వ్యాపారికి అట్టి పీట యొకటి యుండునని తోచియు ఉండదు.